క్యాన్సర్ పాకడంలో పుట్టుక పాలెంత?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. ముప్పై మూడేండ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. సిరిసిల్లలో ఉద్యోగంలో చేరి, కోరుట్లలో చాలాకాలం పనిచేసి, జగిత్యాలలో పదవీ విరమణ పొందాను. బి.పి., షుగరుల గురించి నేను కొత్తగా చెప్పగలిగిందేమీ లేదు. ఆ రెండింటిలో ఈ సభలోని ప్రతివారూ నాకంటె అనుభవజ్ఞులే. నాకు కాస్తో కూస్తో తెలిసింది వంశపారంపర్య శాస్త్రం. అందుచేత ఆ వైపు నుండి క్యాన్సర్ గురించి కొన్ని సంగతులు మనవి చేస్తాను.

ఈ విషయమే ఎంచుకోవడానికి కారణం ఉన్నది. మన సభ్యుల్లో ఒకరి ఇంట జరిగిన సంగతి ఇది. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, మందులు పూర్తయినవి. ఆరేండ్లుగా ఆమె ఇంటి పని, మనుమల పని చేసుకుంటూ ఆరోగ్యంగా ఉన్నారు. మొన్న వారి చిన్నమ్మాయికి సంబంధం కుదిరింది. ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకున్నారు. లగ్గం పెట్టుకోవడమే తరువాయి అనుకుంటుండగా అబ్బాయి తరఫువారు మధ్యవర్తితో కబురు పంపారు. “తల్లికి క్యాన్సరట గదా, అది వాళ్ళ రక్తంలనే ఉంటదట, పేపర్లల్ల గూడ రాస్తున్నరు” అని. సంబంధం తప్పిపోయింది. వెనుకటికి కుజదోషమని పిల్లలను వంక పెట్టేవారు. ఇప్పుడు ఆ కుర్చీలో జన్యుదోషం వచ్చి కూర్చున్నది.

పేపర్లలో రాస్తున్న మాట నిజమే. కాని రాసింది ఒకటి, మనవాళ్ళు చదువుకున్నది ఒకటి. ఇందులో రెండు ప్రశ్నలున్నవి. క్యాన్సర్ వస్తుందా రాదా అన్నది మొదటిది. వచ్చిన క్యాన్సర్ పుట్టిన చోటనే ఉండిపోతుందా, లేక ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకుతుందా, మనిషి దక్కుతాడా అన్నది రెండవది. క్యాన్సర్‌తో పోయేవారిలో ఎక్కువమంది మొదటి గడ్డ వల్ల పోరు, అది పాకడం వల్ల పోతారు. కనుక రెండవ ప్రశ్నే ప్రాణానికి సంబంధించినది.

ఈ రెండూ వేరని ఊరికే అనడం లేదు. మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1990లో, రొమ్ము క్యాన్సర్ తరచుగా వచ్చే కుటుంబాలను పరిశీలించి, దానికి కారణమైన జన్యువు పదిహేడవ క్రోమోజోము మీద ఉన్నదని చూపారు. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది. దానికి బి.ఆర్.సి.ఎ. ఒకటి అని పేరు. మరుసటి ఏడు రెండవది దొరికింది. వీటిలో లోపమున్న స్త్రీలకు రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఇది మొదటి ప్రశ్నకు జవాబు. మరి అటువంటి స్త్రీకి జబ్బు వస్తే ఆమె మిగతావారికంటె తొందరగా పోతుందా? బ్రిటన్‌లో నలభై ఏండ్లలోపే రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,733 మందిని ఏండ్ల తరబడి గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అందులో నూటికి 12 మందికి ఈ లోపమున్నది. లోపమున్నవారు బతికిన కాలానికీ, లేనివారు బతికిన కాలానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జబ్బును తెచ్చే జన్యువు వేరు, జబ్బు నడకను మార్చే జన్యువు వేరు అని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక జన్యువుల్లో తేడా అంటే ఏమిటో చెప్పుకుందాం. ఇక్కడ తెలుగు పండితులు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. వారికి పాఠాంతరం అన్న మాట చెప్పనక్కరలేదు. ఒకే పద్యం నాలుగు తాళపత్ర ప్రతుల్లో ఉంటే, ఒక ప్రతిలో ఒక అక్షరం, మరొక ప్రతిలో మరొక అక్షరం ఉంటుంది. కొన్నిచోట్ల అర్థం మారదు. కొన్నిచోట్ల కొంచెం మారుతుంది. ఎక్కడో ఒకచోట పద్యమే చెడుతుంది. మన కణాల్లో సుమారు మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథమున్నది. ఏ ఇద్దరిని తీసుకున్నా వేయింటికి ఒక అక్షరం తేడా ఉంటుంది. ఆ లెక్కన మనమందరం పాఠాంతరాలమే. దీన్ని లోపమనడం పొరపాటు. పద్యం చెడినచోట మాత్రమే లోపమనాలి.

అందులోనూ రెండు విధాలు. సిరిసిల్ల వారికి ఇది సులభంగా బోధపడుతుంది. బీము చుట్టేటప్పుడే ఒక పోగు రంగు మారి పడితే తాను మొదటినుండి చివరిదాకా ఆ గీత కనిపిస్తుంది. అట్లా కాక సాంచె నడుస్తుండగా ఒకచోట పోగు తెగితే ఆ తప్పు అక్కడికే పరిమితం. తల్లిదండ్రుల నుండి వచ్చే పాఠాంతరం బీములోని పోగువంటిది. అది ఒంట్లో ప్రతి కణంలో ఉంటుంది, పిల్లలకు పోయే అవకాశమున్నది. పొగాకు వల్లనో, వయసు వల్లనో గడ్డలోని కణాల్లో కొత్తగా పుట్టే మార్పు తెగిన పోగువంటిది. గడ్డ రిపోర్టులో హెర్-టూ పాజిటివ్ అని రాస్తారు, తమలో కొందరు చూసే ఉంటారు. అది గడ్డ లక్షణం, వంశ లక్షణం కాదు. అది తల్లికి ఉన్నంత మాత్రాన బిడ్డకు రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. క్యాన్సర్ ఎందుకు కొందరిలో పాకుతుంది, కొందరిలో పాకదు? స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్లేయ సర్జన్ 1889లోనే ఈ ప్రశ్న వేసుకున్నారు. రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరాలు సేకరించి చూస్తే, జబ్బు కాలేయానికి, ఎముకలకు పాకినంతగా మిగతా అవయవాలకు పాకలేదు. రక్తం అన్ని అవయవాలకూ పోతుంది కదా, మరి ఈ ఎంపిక ఏమిటి? విత్తనం నాలుగు దిక్కులా పడుతుంది, కాని అనువైన నేలలోనే మొలుస్తుంది అని ఆయన సమాధానం. తరువాత నూరేండ్ల దాకా పరిశోధకులు ఎక్కువగా విత్తనాన్నే, అంటే క్యాన్సర్ కణాన్నే పట్టుకున్నారు. నేల సంగతి వెనుకబడిపోయింది.

నేల సంగతి జగిత్యాల ప్రాంతం వారికి నేను చెప్పడమేమిటి? ఉల్లికోడు పురుగు మీకు తెలుసు, కొందరు గొట్టపు రోగమంటారు. సాంబమసూరి నాటిన మడిలో అది పడితే పిలకలన్నీ ఉల్లి కాడల వలె గొట్టాలై కంకి రాకుండా పోయేది. మన పొలాస పరిశోధన స్థానం వారు జగిత్యాల సన్నాలు అనే రకాన్ని తయారుచేశారు. గింజ సన్నమే, కాని ఉల్లికోడును తట్టుకుంటుంది. పురుగు అదే, నీళ్ళు అవే, గట్టుకు అటు ఒక రకం, ఇటు ఒక రకం. పురుగు వచ్చిందా అన్నది ఒక లెక్క, వచ్చినది అక్కడ కాపురం పెట్టగలిగిందా అన్నది మరొక లెక్క. రెండవది వడ్ల పుట్టుకను బట్టి ఉంటుంది. మనుషుల్లోనూ అటువంటి తేడా ఉంటుందా అన్నదే శాస్త్రజ్ఞుల ప్రశ్న.

దానికి మొదట గట్టి ఆధారం ఎలుకల్లో దొరికింది. అమెరికాలో కెంట్ హంటర్ బృందం ఒక ఉపాయం చేసింది. తప్పకుండా రొమ్ము క్యాన్సర్ వచ్చేటట్టు తయారుచేసిన ఒక జాతి మగ ఎలుకలను వేర్వేరు జాతుల ఆడ ఎలుకలతో కలిపారు. పుట్టిన పిల్లలన్నింటిలోనూ క్యాన్సర్ తెచ్చే జన్యువు ఒక్కటే. కాని తల్లి జాతిని బట్టి కొన్నింటిలో ఊపిరితిత్తులకు జబ్బు విపరీతంగా పాకింది, కొన్నింటిలో చాలా తక్కువగా పాకింది. ఇది 1998 నాటి మాట. విత్తనం ఒక్కటే అయినప్పుడు తేడా నేలది కాక ఎవరిది? మెండల్ బఠాణీలు చెప్పి చెప్పి విసిగిన నావంటి వాడికి ఈ ప్రయోగం చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మనుషుల్లో ఈ సంగతి తేలడానికి మరి ఇరవై ఏండ్లు పట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో సొహైల్ తవజోయి అనే డాక్టరు గారి బృందం చేసిన రెండు పనులు చెప్పుకోదగినవి. మొదటిది 2020లో వచ్చింది. ఏ.పి.ఓ.ఇ. అనే జన్యువు ఒంట్లో కొవ్వును మోసే ఒక ప్రోటీనును తయారుచేస్తుంది. దానికి మనుషుల్లో మూడు పాఠాలున్నవి, రెండు, మూడు, నాలుగు అని అంకెలతో పిలుస్తారు. నాలుగవ పాఠం ఉన్నవారికి ముసలితనంలో మతిమరుపు జబ్బు, అదే అల్జీమర్స్, వచ్చే అవకాశం ఎక్కువని ఎప్పటినుండో తెలుసు. కాని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ నాలుగవ పాఠం వారే ఎక్కువకాలం బతికారు. రెండవ పాఠం మెదడుకు మేలు చేసేది, ఈ క్యాన్సర్‌లో అది ఉన్నవారికే కీడు జరిగింది. ఎలుకల్లో ఆ మానవ జన్యువులు పెట్టి చూసినా అదే ఫలితం. నాలుగవ పాఠం ఉన్నచోట రోగనిరోధక కణాలు గడ్డ మీద గట్టిగా విరుచుకుపడినవి. మెలనోమా మన దేశంలో అరుదు కనుక దాని భయం మనకు అంతగా లేదు. కాని ఒకచోట చెడ్డదనుకున్న పాఠం మరొకచోట కాపాడుతున్నదన్న సంగతి గమనించండి.

రెండవది మనకు దగ్గరి విషయం, రొమ్ము క్యాన్సర్. 2024 డిసెంబరులో వెలువడింది. పి.సి.ఎస్.కె. తొమ్మిది అనే జన్యువు కొలెస్టరాలుకు సంబంధించినది. దానిలో ఒకే ఒక అక్షరం తేడా వల్ల ప్రోటీనులో 474వ చోట ఒక అమైనో ఆమ్లం మారుతుంది. ఆ తేడాలో ఒక పాఠం తల్లి నుండి, తండ్రి నుండి రెండు ప్రతులుగా వచ్చిన స్త్రీలలో, స్వీడన్ దేశపు లెక్కల ప్రకారం, పదిహేనేండ్లలో నూటికి 22 మందికి జబ్బు దూరపు అవయవాలకు పాకింది. మిగతావారిలో నూటికి ఇద్దరికే పాకింది. ఎలుకల్లో ఆ ప్రోటీనును అడ్డుకునే మందు ఇస్తే పాకడం తగ్గింది. ఆ మందు కొలెస్టరాలు కోసం మనుషులకు ఇప్పటికే వాడుతున్నదే. అయితే క్యాన్సర్‌కు అది పనిచేస్తుందని మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. కొలెస్టరాలు తగ్గడానికి మనలో చాలామంది వేసుకునే మాత్ర కూడా అది కాదు. కనుక రేపు మందుల షాపుకు పోయి అడగవద్దు.

ఇరవై రెండు, రెండు అన్న అంకెలు వినగానే గుండె గుభేలుమంటుంది. కాని మరొక అంక కూడా ఆ పరిశోధనలోనే ఉన్నది. ఆ రెండు ప్రతుల పాఠం ఐరోపా సంతతి స్త్రీలలో నూటికి సుమారు 70 మందికి ఉన్నది. పదిమందిలో ఏడుగురికి ఉన్నదాన్ని దోషమంటారా? దోషమని సంబంధాలు వదులుకుంటే అబ్బాయి తల్లికి, అక్కచెల్లెండ్లకు కూడా పరీక్ష చేయించి చూడవలసి వస్తుంది. పైగా అది క్యాన్సర్ తెచ్చే పాఠం కాదు, వచ్చిన తరువాత దాని నడకను మార్చేది మాత్రమే. అది ఉన్న నూరుగురిలో కూడా 78 మందికి జబ్బు పాకలేదు. ఈ లెక్కలు గుంపును గురించి చెబుతాయి, ఫలానా అమ్మ గారి నుదుటి రాతను గురించి చెప్పవు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఈ లెక్కలు ఐరోపా సంతతి వారివి. మన నేల వేరు. మనవాళ్ళు తరతరాలుగా తమ కులంలోనే ఇచ్చిపుచ్చుకోవడం వల్ల ఒక్కొక్క సమాజంలో ఒక్కొక్క పాఠాంతరం పేరుకుపోయింది. దీనికి లోకమంతా ఉదహరించే నిదర్శనం మన తెలుగు వైశ్య సోదరులదే. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరిచే ఎంజైము కొందరు వైశ్యుల్లో పుట్టుకతోనే పనిచేయదు. వారికి ఆ మందిస్తే గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు, యంత్రం మీద ఉంచవలసి వస్తుంది. మత్తు డాక్టర్లు ఈ సంగతి ఎరిగి జాగ్రత్త పడుతారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమాజాలను పరిశీలిస్తే 81 సమాజాల్లో ఇటువంటి పేరుకుపోవడం బలంగా కనిపించింది. మన దేశమంతటా పదివేల మంది జన్యు గ్రంథాలను చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇది మంచి ఆరంభం. పద్మశాలి అమ్మకో, గల్ఫ్ పోయివచ్చిన మున్నూరుకాపు తమ్మునికో జబ్బు పాకుతుందా లేదా అని స్వీడన్ లెక్కతో చెప్పబోవడం మాత్రం తొందరపాటే.

అయితే మనకోసం మన లెక్క ఒకటి ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి వారి క్యాన్సర్ రిజిస్ట్రీల నుండి, 2012-15 మధ్య రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన 17 వేల మందికి పైగా స్త్రీల వివరాలు తీసి చూశారు. జబ్బు పుట్టిన చోటనే ఉండగా వచ్చినవారిలో ఐదేండ్ల తరువాత నూటికి 81 మంది బతికి ఉన్నారు. చుట్టుపక్కలకు పాకిన తరువాత వచ్చినవారిలో 65 మంది. దూరపు అవయవాలకు పాకిన తరువాత వచ్చినవారిలో 18 మంది. ఎనభై ఒకటి ఎక్కడ, పద్దెనిమిది ఎక్కడ! ఈ తేడా పుట్టుక వల్ల వచ్చింది కాదు, చాలావరకు ఆలస్యం వల్ల వచ్చింది.

కోరుట్లలో మేము కిరాయికి ఉన్న వీధిలో ప్రతి అరుగు మీదా బీడీలు చుట్టే చేటలు ఉండేవి. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా నొప్పి లేదు కదా అని ఊరుకున్న ఆడవారు, నెలాఖరుకు లెక్క అప్పజెప్పినాక చూద్దామని వాయిదా వేసినవారు అక్కడ ఉండేవారు. నోట్లో తెల్ల మచ్చ ఏర్పడినా జర్దా మానని మగవారి సంగతి చెప్పనక్కరలేదు. క్యాన్సర్ గడ్డకు మొదట్లో తరచుగా నొప్పి ఉండదు. ఆ నొప్పి లేకపోవడమే చాలామంది కొంప ముంచింది. ఆ రోజుల్లో పరీక్ష అంటే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రే. 1955 నుండి పేదలకు అదే దిక్కు. ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. గడ్డను చూపించుకోవడానికైనా ఇప్పుడు పట్నం బస్సు ఎక్కే పని లేదు.

పరీక్షల గురించి ఒక మాట. గడ్డ నుండి తీసిన ముక్కలోని జన్యువుల పనితీరు చూసి, జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని అంచనా కట్టే పరీక్షలున్నవి. వీటిలో ఒకటి 21 జన్యువులను చూస్తుంది. 2018లో వచ్చిన పెద్ద పరిశోధన ప్రకారం, గడ్డ హార్మోన్లకు స్పందించే రకమై, చంకలోని గ్రంథులకు పాకనివారిలో, ఈ పరీక్షలో మధ్యస్థంగా మార్కులు వచ్చిన చాలామందికి కీమోథెరపీ అవసరం లేదని తేలింది. ముఖ్యంగా యాభై దాటినవారికి. అందరికీ ఇది అక్కరలేదు, ఖర్చు కూడా ఎక్కువే. వైద్యం చేసే డాక్టరు, దీని ఫలితాన్ని బట్టి మందు మారుతుంది అని చెబితేనే చేయించుకోవాలి. ఉమ్మి ఇస్తే భవిష్యత్తు చెబుతామనే ప్రకటనల జోలికి పోవద్దు.

ఇక మన ఉద్యోగులకు అలవాటైన పని ఒకటున్నది, కాగితాలు భద్రపరచడం. సర్వీసు రిజిస్టరులో ఒక ఇంక్రిమెంటు తప్పితే ట్రెజరీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో మనకు జ్ఞాపకమే. ఆ శ్రద్ధ బయాప్సీ రిపోర్టు మీద కూడా ఉండాలి. దానితోబాటు గడ్డ ముక్కను మైనంలో పోసి ల్యాబులో ఉంచుతారు, దాన్ని బ్లాకు అంటారు. పదేండ్ల తరువాత కొత్త పరీక్ష వచ్చినా ఆ ముక్కతో చేయించవచ్చు. కనుక బ్లాకు ఎక్కడున్నదో, దాని నెంబరెంతో రాసి పెట్టుకోండి.

సభలో రెండు చీటీలు వచ్చినవి. ఒక సోదరి, తనకు జబ్బు వచ్చి తగ్గింది, బిడ్డలకు జన్యు పరీక్ష చేయించాలా అని అడిగారు. తమ దగ్గరి రక్తసంబంధీకుల్లో మరొకరిద్దరికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినా, తమకే చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో మగవారెవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చినా డాక్టరును అడగడం మంచిది. ఆ పరీక్ష మొదట జబ్బు వచ్చినవారికే చేస్తారు, బిడ్డలకు కాదు. తమకు లోపం కనిపిస్తేనే వారి ప్రస్తావన వస్తుంది. కనిపించినా ఒక్కొక్క బిడ్డకు వచ్చే అవకాశం సగమే.

రెండవ చీటీ రాసినవారు పేరు పెట్టలేదు. మగవారికి రొమ్ము క్యాన్సర్ వస్తుందా అని అడిగారు. వస్తుంది, అరుదుగా. గడ్డ ఏదైనా తగిలితే సిగ్గుపడి దాచిపెట్టవద్దు, సోమవారమే పోయి చూపించండి.

టీ వచ్చిందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు.